2504లో భూమి క్రింద మనుషులు: ‘ఆదిత్య 369’

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం నుండి ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్ సినిమాహాళ్ళకు నడిచిపోవచ్చును. కొన్ని వందల ఏండ్ల తరువాతి లోకం ఎట్లా చెడిపోవునో చెప్పే సాహసగాథను తెలుగు విద్యార్థి ఎరిగినది చాలవరకు ఈ రెండవ చోటనే. బాలురకు తగిన అటువంటి నవలలు మన భాషలో అరుదు. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1991లో వెలువడిన ‘ఆదిత్య 369’ ఆ లోటును కొంత తీర్చినది. దానికి స్ఫూర్తి హెచ్.జి. వెల్స్ 1895లో ప్రకటించిన ‘ది టైమ్ మెషీన్’ నవల. రెండింటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూడటం ఉపాధ్యాయులకు మంచి పని.

సాలార్‌జంగ్ మ్యూజియంలోని వజ్రం, దాని చోరీని చూచిన పిల్లవాడు, ఒక ఆచార్యుడు నిర్మించిన కాలయంత్రం, ఇవీ కథకు ముడిసరుకులు. యంత్రం నాయికా నాయకులను మొదట 1526కు, అంటే కృష్ణదేవరాయల కాలానికి తీసుకొనిపోతుంది. రాయలు 1509 నుండి 1529 వరకు పాలించినవాడు గనుక తేదీ సరిపోయినది. ఈ భాగం ముచ్చటగా ఉన్నది. పిల్లలకు చరిత్రపై మక్కువ కలిగించును. చిక్కు తరువాతిది. యంత్రం 2504లో ఆగుతుంది. ప్రపంచయుద్ధపు రేడియోధార్మికత వల్ల మనుషులు భూమి క్రింద నివసిస్తూ ఉంటారు.

ఇది నిజంగా సాధ్యమా? బాంబు ప్రేలిన తరువాత రాలే ధూళి విషయంలో ఒక స్థూలమైన సూత్రం ఉన్నది. కాలం ఏడు రెట్లు పెరిగినప్పుడల్లా రేడియేషన్ తీవ్రత పదవ వంతుకు దిగును. మొదటి గంటలో ఉన్న తీవ్రత ఏడు గంటలకు పదవ వంతు, రెండు రోజులకు నూరవ వంతు, రెండు వారాలకు వెయ్యవ వంతు. చాలకాలం వేధించే సీసియం-137కు అర్ధజీవిత కాలం సుమారు 30 సంవత్సరాలు. స్ట్రాన్షియం-90కు దాదాపు అంతే. లెక్క కొరకు యుద్ధం 2204లో జరిగినదనుకుందాం. 2504కు పది అర్ధజీవిత కాలాలు గడచును. సీసియంలో మిగిలేది 1024వ వంతు. ప్లుటోనియం-239 వేల ఏండ్లు నిలిచే మాట నిజమే. అయితే దాని ఆల్ఫా కిరణాలు చర్మాన్ని దాటలేవు. ఊపిరితోనో ఆహారంతోనో లోపలికి పోతేనే ప్రమాదం. కొన్ని ప్రదేశాలు నిషిద్ధంగా మిగిలిపోవచ్చును గాని, మానవజాతి అంతా శతాబ్దాల తరబడి నేలమాళిగలో దాగవలసిన అవసరం కనిపించదు.

అసలు భయం మరొక చోట ఉన్నది. చిత్రం రాకముందే, 1983లో కార్ల్ సేగన్ మొదలైన ఐదుగురు శాస్త్రజ్ఞులు ‘అణు శీతకాలం’ సంగతి ప్రకటించారు. తగులబడిన నగరాల మసి, వానలు కడిగివేయలేని ఎత్తున స్ట్రాటోస్ఫియర్‌కు చేరి ఎండను అడ్డగించును. చలి పెరుగును, వానలు తగ్గును, పైరు ఎండును. బాంబు పడని దేశాలకు కూడా కరువు తప్పదు. అంటే ఆపద నేలలో కంటె ధాన్యపు గాదెలో ఎక్కువ. తెరపై ఈ ఆకలి కానరాదు.

వెల్స్ చిత్రించిన 802701 సంవత్సరంలోనూ భూమి క్రింద నివసించేవారు ఉన్నారు. అయితే బెక్వెరెల్ రేడియోధార్మికతను కనుగొన్నది 1896లో, నవల వచ్చిన మరుసటి ఏడు. కనుక వారిని క్రిందికి నెట్టినది కిరణం కాదు. శ్రామికులను తరతరాలుగా వెలుతురుకు దూరంగా యంత్రాల మధ్య ఉంచినందున వారు మార్లాక్‌లనే వేరొక జాతిగా మారినారు. పైన సుఖంగా బ్రతికినవారి సంతతి ఎలాయ్‌లు బలహీనులైనారు. ఎనిమిది లక్షల ఏండ్లలో జాతులు మారుననడంలో జీవశాస్త్రానికి అభ్యంతరం లేదు.

మన చిత్రం ఆ పాతాళాన్ని మాత్రం తీసుకొని, దాని కారణాన్ని వదలివేసినది. భూగర్భ నగరంలో చోటు ఎందరికి దొరికినది, ఎవరు బయట మిగిలిపోయినారు అనే ప్రశ్న అందులో లేదు. రంగురంగుల పరికరాలు మాత్రం ఉన్నవి. చిత్రం చూచి వచ్చిన తొమ్మిదవ తరగతి విద్యార్థి ఈ ప్రశ్న అడిగితే, ఉపాధ్యాయుడు సీసియం లెక్కను కాసేపు ప్రక్కకు పెట్టి ముందు దానికే జవాబు వెదకవలసి ఉండును.