ఇజ్జత్ ఎవరిది?

పేరు చూసి అనుమానించొద్దు, టోపీ చూసి లెక్కకట్టొద్దు అని ఏళ్లుగా రాస్తున్నవాళ్లం మేం. కిరాయికి ఇల్లు దొరకకపోవడం మాకు తెలుసు. ఠాణా రిజిస్టరులో పేరెక్కితే ఏమవుతుందో తెలుసు. అందుకే ‘ఒక హిజ్రా ఆత్మకథ’ను మేం జాలితో చదవలేం.

తమిళనాడులో పుట్టిన ఎ. రేవతి జీవితం 2010లో ఇంగ్లీషులో వచ్చింది. తెలుగు చేసింది పి. సత్యవతి. ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడెమీ బహుమతి దక్కింది. ఈ పుస్తకం బలమంతా హింసను ఇంట్లోంచి చూపడంలో ఉంది. అన్నల దెబ్బలు, రౌడీల దౌర్జన్యం, పోలీసుల లాఠీ ఒకే వరసలో నిలబడతాయి. చేతులు వేరు, సాకు ఒకటే: పరువు. బెంగుళూరు ‘సంగమ’లో ఆమె పనిచేసే భాగానికొచ్చేసరికి దుఃఖం ఉద్యమంగా మారుతుంది. కన్నీటి కథగా చదివి పక్కన పెడితే ఈ మలుపే మనకు అందదు. ‘లైంగిక మైనారిటీలు’ అన్న మాట వాళ్లది. మైనారిటీ అనే మాట మా ఒక్కరి జాగీరు కాదు.

తమిళుల సంగతి మనకెందుకంటారా? మా వరంగల్లు ఉన్న నిజాం రాజ్యంలోనే 1919లో, అంటే 1329 ఫస్లీలో, హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించే చట్టం వచ్చింది. ఆడబట్టలతో బజారులో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. నిజాం పోయినా చట్టం పోలేదు. వైజయంతి వసంత మొగ్లి, ఆమెతోటి వాళ్లు 2018లో కోర్టుకెక్కితే, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. నూటనాలుగేళ్లు! ఆసఫ్‌జాహీల షాన్ గురించి మురిసిపోయే రాతల్లో ఈ రిజిస్టరుకూ చోటుండాలి.

హిజ్రా కనబడుతుంది. నాలుగు గోడల మధ్య దెబ్బలు తినే ఆడపిల్లను ప్రేమించిన ఆడపిల్ల, మగవాణ్ని ప్రేమించిన మగవాడు కనబడరు. 1942లో ‘లిహాఫ్’ రాసినందుకు ఇస్మత్ చుగ్తాయ్ లాహోర్ కోర్టు మెట్లెక్కింది. 2018లో సుప్రీంకోర్టు 377 సెక్షన్ కోరలు పీకింది. ఇంటి కోర్టు మాత్రం ఇంకా శిక్షలు వేస్తూనే ఉంది.

ఇది దీన్‌కు ఖిలాఫ్ అనేవాళ్లతో మేం ఫత్వాల పంచాయితీ పెట్టుకోం. ఒక్కటే అడుగుతాం: బిడ్డను చావబాదడం ఏ దీన్‌లో ఉంది? దెబ్బతిన్న మనిషి ఠాణాకు పోతే వెంట మొహల్లా నుంచి నలుగురం నడవాలి. బతకడానికి మేం ఎవరి ఇజాజత్ అడగలేదు. మా గల్లీలో వాళ్లూ అడగక్కర్లేదు.