ఎన్ని సింహాలని కాదు, ఏ సింహమని

సింహం పైపెదవి మీద మీసాలు నాలుగైదు వరసల్లో మొలుస్తాయి. ప్రతి మీసం మొదట్లో ఒక నల్లటి చుక్క ఉంటుంది. పైనుంచి చూస్తే మొదట కనబడే నిండు వరసను ఆధారంగా పెట్టుకుని, దానికి ఇంకా పైన విడిగా ఉన్న కొద్దిపాటి చుక్కలు ఏ చుక్కకు నేరుగా పడ్డాయి, ఏ రెండిటి నడుమ పడ్డాయి అని చూస్తారు. కుడి బుగ్గ లెక్క వేరు, ఎడమ బుగ్గ లెక్క వేరు. పుట్టినప్పటి అమరిక చచ్చేదాకా మారదు. నైరోబీ నేషనల్ పార్కు సింహాలను పరిశీలించి పెన్నీక్విక్, రుద్నాయ్ 1970లో సింహాలను విడివిడిగా గుర్తుపట్టే ఈ పద్ధతిని ప్రకటించారు. టాంజానియాలోని సెరెంగెటిలో ఇదే దశాబ్దాల పరిశోధనకు పునాది అయింది. అక్కడ ఒక్కో సింహానికి ఒక్కో కార్డు. అందులో ముందే అచ్చువేసిన మొహం బొమ్మ మీద మీసాల చుక్కలు, చెవి చిరుగులు, గాయాల మచ్చలు, విరిగిన కోర గుర్తుపెడతారు. ముక్కు రంగు కూడా రాస్తారు. కూనగా ఉన్నప్పుడు గులాబీ రంగులో ఉండే ముక్కు వయసుతోపాటు నల్లబడుతుంది కాబట్టి, పుట్టిన తేదీ తెలియని సింహానికి అదే వయసు లెక్క. చూడటానికి గుమాస్తా పనిలా ఉంటుంది. కానీ సింహాల సంసారం గురించి మనకు తెలిసినదాంట్లో ముఖ్యమైనదంతా ఈ కార్డుల చలవే.

మొహం చూడాలంటే ముందు సింహం దొరకాలి. సెరెంగెటిలో 1984 నుంచి గుంపుకొక సివంగికి రేడియో కాలర్ తగిలిస్తూ వచ్చారు. మగవాటికి కాకుండా సివంగికే ఎందుకంటే, సింహాల గుంపు ఒక ఇల్లరికపు కుటుంబం లాంటిది. కూతుళ్లు చాలామటుకు పుట్టిన నేలమీదే ఉండిపోతాయి, మగవి బయటినుంచి జట్టుగా వచ్చి రెండు మూడేళ్లు ఏలి పోతాయి. రాతిగుట్ట ఎక్కి ఏంటెనా తిప్పితే చప్పుడు ఏ వైపు గట్టిగా వస్తే ఆ సివంగి అటు ఉన్నట్టు. అయితే గుంపంతా ఒకేచోట కనబడటం అరుదు. ఇవాళ మూడు ఇక్కడ, ఐదు అక్కడ. రేపు ఆ కలయికే మారిపోతుంది. కాబట్టి రేడియో పని బండిని అక్కడికి చేర్చడంతోనే అయిపోతుంది. ఆ తర్వాత బైనాక్యులర్, కార్డు, ఓపిక. రోజులో ఎక్కువ భాగం నిద్రపోయే జంతువు రెండు బుగ్గలూ చూపించేదాకా కూర్చోవాలి మరి.

ఈ ఓపిక ఏమిచ్చిందో ఒక ఉదాహరణ చాలు. కొత్త మగ జట్టు గుంపును ఆక్రమించినప్పుడు పాత మగవాటి కూనలను చంపేస్తుంది. ఈ మాట ఇప్పుడు పిల్లల పుస్తకాల్లో కూడా ఉంది. కానీ ఆ చంపడం కళ్లారా చూసినవాళ్లు బహు కొద్దిమంది. ఫలానా నెలలో ఫలానా మగవి వచ్చాయి, ఆ వెంటనే ఫలానా సివంగుల కూనలు మాయమయ్యాయి, ఆ తల్లులు త్వరలోనే మళ్లీ ఎదకు వచ్చాయి అని గుంపు తర్వాత గుంపులో కార్డులు చెబుతూ పోతేనే అది రుజువైంది. కూనలు బతికి ఉంటే తల్లి ఏడాదిన్నర దాకా జతకట్టదు, మగవాటికేమో అంత వ్యవధి ఉండదు. 1966లో జార్జ్ షాలర్ మొదలుపెట్టిన రికార్డును బ్రయన్ బెర్‌ట్రమ్, జెనెట్ హాన్‌బీ, డేవిడ్ బైగాట్, 1978 నుంచి క్రెయిగ్ పాకర్, ఆన్ ప్యూసీ ఒకరి చేతినుంచి ఒకరు అందుకోకపోతే ఈ లెక్క తేలేది కాదు. ఇంకో సంగతి మరీ ముచ్చటైనది. పరాయి సివంగి గర్జనను స్పీకర్లో వినిపిస్తే గుంపులోని సివంగులు ఎదుర్కోవడానికి కదులుతాయి. ప్రతిసారీ ముందు నడిచేవి కొన్ని, ప్రతిసారీ వెనకబడేవి కొన్ని అని రాబర్ట్ హైన్‌సోన్, పాకర్ 1995లో చూపించారు. ముందు నడిచేది వెనక్కి తిరిగి చూసుకుంటుంది, అయినా ఆగదు. ఐక్యతకు మనం వాడుకునే ఉపమానంలో పని ఎగ్గొట్టేవాళ్లూ ఉన్నారన్నమాట! ఎవరెవరో తెలియకుండా గుంపును గుంపుగా మాత్రమే చూసినవారికి ఇది ఎన్నటికీ కనబడదు.

అడవిని కాపాడటానికి మొత్తం సంఖ్య తెలిస్తే చాలదా, ఈ వంశవృక్షాలన్నీ ఎందుకు అని అడిగేవాళ్లున్నారు. సంఖ్య మాత్రమే నమ్ముకుంటే ఏమవుతుందో రాజస్థాన్‌లోని సరిస్కా చూపించింది. పులుల అడుగుజాడలు లెక్కపెట్టి కాగితం మీద పులులు చూపిస్తుండగానే 2005 నాటికి అక్కడ ఒక్క పులీ మిగల్లేదని తేలింది. ఆ తర్వాత దేశమంతటా చారల ఫొటోలతో ఒక్కో పులినీ గుర్తించే పద్ధతి వచ్చింది, మన నల్లమలతో సహా. సెరెంగెటిలో 1994లో కుక్కల డిస్టెంపర్ వ్యాధి సోకి సింహాల్లో మూడోవంతు పోయినప్పుడు, ఏ గుంపులో ఏవి పోయాయో చెప్పగలిగింది కార్డులు ఉన్నందుకే. పక్కనే ఉన్న ఎన్‌గోరోంగోరో అగ్నిపర్వత బిలంలో సంగతి ఇంకా విచిత్రం. అక్కడ 1962లో పీడించిన ఈగల బెడద తర్వాత మిగిలింది 9 ఆడవి, ఒక మగది. తర్వాత రెండు మూడేళ్లలో మరో 7 మగవి బయటినుంచి వచ్చాయి. ఈ వంశాన్ని పేర్చడానికి పరిశోధకులు పాత యాత్రికుల ఫొటోలు సేకరించారు. ఎప్పుడో సరదాకు తీసిన బొమ్మలో కూడా మీసాల చుక్కలు మారవు కదా.

జీపీఎస్ కాలర్లు, కెమెరాలు వచ్చాక ఇదంతా చాదస్తం అన్న వాదనలో కొంత నిజముంది. కాలర్ రాత్రి నడకను కూడా చెబుతుంది, మనిషి అంత చెప్పలేడు. కానీ అది తగిలించిన సింహం ఎక్కడుందో చెబుతుంది, పక్కన ఎవరున్నారో చెప్పదు. పైగా తగిలించాలన్నా, బ్యాటరీ అయిపోయాక మార్చాలన్నా మత్తు సూది వెయ్యాలి. సెరెంగెటిలో 2010 నుంచి 225 కెమెరాలు పెట్టారు. అవి లక్షల ఫొటోలు తీశాయి, సింహం పడ్డవాటిలోనూ తోకో వీపో మాత్రమే కనబడేవి ఉన్నాయి. కంప్యూటర్‌తో మొహాలు గుర్తించే పద్ధతులు ఇప్పుడు ఉన్నాయి, అవి బాగుపడతాయి కూడా. అయితే కంప్యూటర్ కొత్త ఫొటోను పోల్చడానికి, ఇది ఫలానా సింహమని ముందుగా ఎవరో తేల్చిన పాత ఫొటో ఉండాలి. పని చేతులు మారుతోంది, పోవడం లేదు.

ఒకే మైదానంలో చూసినదాన్ని సింహజాతి మొత్తానికి అంటగడుతున్నారనేది మరింత గట్టి అభ్యంతరం. దీనికి జవాబు గుజరాత్ గిర్ అడవిలో దొరుకుతుంది. అక్కడ కూడా పరిశోధకులు మీసాల చుక్కలతోనే సింహాలను గుర్తించారు, తేలింది మాత్రం వేరు. గిర్‌లో వేట జంతువులు చిన్నవి, సివంగుల గుంపులు చిన్నవి. మగవి చాలామటుకు విడిగా తిరుగుతూ జతకట్టడానికో, పెద్ద ఆహారం దొరికినప్పుడో కలుస్తాయి. సివంగులు ఒక మగ జట్టుతో ఆగకుండా చుట్టుపక్కల జట్లతోనూ జతకడతాయి. అందువల్ల పుట్టిన కూనలు తమవి కావని ఏ జట్టూ తేల్చుకోలేదు, చంపడానికి వెనుకాడుతుంది. ఏ సివంగి ఏ మగదానితో ఎప్పుడు కనబడిందో ఏళ్లతరబడి రాసిపెట్టారు కాబట్టే ఈ తేడా బయటపడింది. సెరెంగెటి లెక్కను గిర్‌కు అంటగట్టకుండా ఆపింది సెరెంగెటిలో వాడిన పద్ధతే.