తెరపై ఆదివాసి: డేవిడ్ గుల్పిలిల్ నటజీవితం

వేదాద్రి నరసింహస్వామిని దర్శించుకునే మన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతం వారికి చెంచులక్ష్మి కథ కొత్త కాదు. ఆ కథ తెలుగులో 1943లో ఒకసారి, 1958లో మరోసారి సినిమాగా వచ్చింది. మొదటిదానిలో కమలా కోట్నీస్, రెండోదానిలో అంజలీదేవి చెంచితలు. అంజలీదేవి నటనకు వంక పెట్టలేం. కానీ ఆమెది పెద్దాపురం, నల్లమల చెంచుగూడెం కాదు. ఆదివాసి పాత్రను ఆదివాసే ధరిస్తే ఏమి మారుతుంది? ఈ ప్రశ్నకు ఆస్ట్రేలియా నటుడు గుల్పిలిల్ జీవితంలో జవాబు దొరుకుతుంది.

ఆయన ఉత్తర ఆస్ట్రేలియాలోని ఆర్నెమ్ ల్యాండ్‌కు చెందిన యోల్ంగు జాతివాడు. వేట, నృత్యం చిన్ననాటి నుంచీ వచ్చినవే. నికొలస్ రోగ్ తీసిన ‘వాకెబౌట్’ (1971)లో, ఎడారిలో చిక్కుకున్న ఇద్దరు తెల్లపిల్లలను కాపాడే కుర్రవాడిగా తొలిసారి నటించాడు. ఆ చిత్రంలో అతని మాటలకు తెరపై అనువాదం వేయలేదు. పిల్లలకు అర్థంకాని భాష మనకూ అర్థం కాకూడదన్నది దర్శకుడి ఉద్దేశం కావచ్చు. సరే, ఒప్పుకుందాం. కానీ దానివల్ల మనం పిల్లల పక్కనే నిలబడిపోతాం. కుర్రవాడి నడక, వేట కనిపిస్తాయి, మనసు మాత్రం అందదు.

‘స్టార్మ్ బాయ్’ (1976), ‘క్రొకడైల్ డండీ’ (1986) పేరు తెచ్చాయి. అయితే వాటిలో ఆయన మరొకరి కథకు తోడు. ‘ద ట్రాకర్’ (2002)లో కథానాయకుడయ్యాడు. ఆదివాసి భాషల్లోనే నడిచే ‘టెన్ కనూస్’ (2006)కు ఆయనదే కథకుడి గొంతు.

విద్యార్థులు ముఖ్యంగా చూడవలసింది ‘చార్లీస్ కంట్రీ’ (2013). దీనిని దర్శకుడు రోల్ఫ్ డి హీర్‌తో కలిసి గుల్పిలిలే రాశాడు. చార్లీ చేసుకున్న ఈటెను పోలీసులు ప్రమాదకరమైన ఆయుధమని తీసుకుపోతారు. తర్వాత తాగుడు, జైలు. ఇవి నటుడి జీవితంలోనూ ఉన్నవే. జైల్లో అతని జుట్టు, గడ్డం గొరిగే దృశ్యంలో కెమెరా ఆ ముఖాన్ని వదలదు. అతను ఒక్క మాట మాట్లాడడు, అయినా మనకు ఏ అనువాదమూ అక్కర్లేదు. ఈ పాత్రకు 2014 కాన్ చిత్రోత్సవంలోని ‘అన్ సెర్టెన్ రిగార్డ్’ విభాగంలో ఉత్తమ నటుడి బహుమతి లభించింది. 2021లో ఆయన మరణించాడు.

అభ్యాసం: ‘వాకెబౌట్’లో కుర్రవాడు అమ్మాయి కోసం నర్తిస్తాడు. ఆమె భయపడుతుంది. ఆ నృత్యాన్నీ, ఈ జైలు దృశ్యాన్నీ పక్కపక్కన చూడండి. ఒక్కొక్కదానిలో మీరు ఎవరి పక్కన నిలబడ్డారో ఒక పేజీలో రాయండి.