చిటికెనవేలి షడ్జమం

మా గుణదలలో చాలామంది పిల్లలు గిటార్ మొదట పట్టేది చర్చి పాటల బృందంలోనే. ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్లు వచ్చేసరికి కార్డులు చేతికి అలవాటవుతాయి, ఇక లీడ్ వాయించాలని ఉబలాటం మొదలవుతుంది. వేగం ఎలా వస్తుంది మాస్టారూ అని అడుగుతారు. నేను వాళ్ల ఎడమచెయ్యి చూస్తాను. తీగ వదిలిన వేలు అంగుళం పైకి లేస్తుంటుంది. చిటికెనవేలైతే బిగుసుకుపోయి గాల్లోనే ఉంటుంది. ఎగిరిన వేలు మళ్లీ దిగాలి కదా, ఆలస్యమంతా ఆ రాకపోకల్లోనే!

రెండోది, బలం. వేలు తీగ మీద ఊరికే ఆనించి, మీటుతూ, కొద్దికొద్దిగా నొక్కండి. బరబర పోయి స్వరం తేటపడగానే ఆగండి. ఫ్రెట్‌ను ఆనుకుని దాని వెనకే నొక్కితే ఇంకా తక్కువ బలం చాలు. మనలో చాలామందిమి అవసరానికి మించే నొక్కుతాం.

ఇక్కడ నాకు మాండొలిన్ శ్రీనివాస్ గుర్తొస్తారు. 1969లో పాలకొల్లులో పుట్టిన ఆయన తొలి కచేరీ 1978లో మన గుడివాడలోనే, త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో జరిగింది. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ రాదు. ఆయన పాడితే పిల్లవాడు విని వాయించేవాడు. తర్వాత శ్రీనివాస్ జంట తీగల బదులు ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టారు. గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని వాయించిన వీడియోలు చూడండి: స్వరాలు ఎంత జోరుగా సాగినా ఆ ఎడమచెయ్యి కంగారుపడదు. పాటను వెంబడించి నేర్చిన చెయ్యి అది. అందుకే లీడ్ నేర్చేవాళ్లను ముందు ఆ వరస నోటితో పాడమంటాను.

సాధనకు మోహనం తీసుకోండి. రాక్ సోలోల్లో వినిపించే మేజర్ పెంటటోనిక్ కూడా ఆ ఐదు స్వరాలే. ఆరో తీగ ఎనిమిదో ఫ్రెట్ మీద షడ్జమం పెట్టుకుని, చెయ్యి ఐదు నుంచి ఎనిమిదో ఫ్రెట్ దాకా పరిచి, ఒకటో తీగ ఎనిమిదో ఫ్రెట్ వరకు వెళితే సరిగ్గా రెండు స్థాయిలు. మొదటి షడ్జమం, చివరి షడ్జమం రెండూ చిటికెనవేలివే. బద్ధకించడానికి దానికి వీలుండదు. మెట్రోనోమ్ అరవై దగ్గర ఉంచి దెబ్బకు ఒక స్వరం, తర్వాత రెండు, ఆపైన నాలుగు. సరళీ వరసల్లో చేసినట్టే మూడు కాలాలు. మెట్రోనోమ్‌ను మాత్రం కదపొద్దు. మూడో కాలంలో ఏ వేలు తడబడితే ఆ వేలి దగ్గరి నాలుగు స్వరాలు విడిగా తీసుకుని, మొదటి కాలంలో మళ్లీ వాయించండి.