ఎల్లా ఫిట్జెరాల్డ్ గొంతుకి వ్యాకరణం లేదా?

అమెరికన్ జాజ్ గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ మాటలు వదిలేసి వట్టి శబ్దాలతో స్వరాలల్లే 'స్కాట్' గురించి రాసేవాళ్ళు తరచుగా వాడే మాట 'సహజ ప్రతిభ'. ఆ పక్కనే నిలబడి సాక్సఫోన్ వాయించే మగవాడిది మాత్రం 'విద్వత్తు'. దంపుళ్ళ పాటలు పాడిన మన ఆడవాళ్ళకీ దక్కింది ఆ మొదటి మాటే కాబట్టి దీన్ని ఊరికే వదలాలనిపించలేదు.

'హౌ హై ద మూన్' తీసుకుందాం. 1940లో ఒక బ్రాడ్వే ప్రదర్శన కోసం మోర్గన్ లూయిస్ బాణీ కట్టాడు, మాటలు నాన్సీ హామిల్టన్ రాసింది. జాజ్ కళాకారులు పాట కింద నడిచే కార్డుల వరసని, అంటే కలిపి మోగించే స్వరాల గుంపుల వరసని, పునాదిగా ఉంచుకుని దానిమీద అప్పటికప్పుడు కొత్త స్వరాలు అల్లుతారు. మన కల్పనస్వరంలో రాగం, శ్రుతి చివరిదాకా నిలకడగా ఉంటాయి. ఇక్కడ కాళ్ళకింద నేలే జరుగుతుంది. నాలుగు దెబ్బలకొక ఆవృత్తం చొప్పున 32 ఆవృత్తాల పాట ఇది. జి శ్రుతిలో చూస్తే మొదటి రెండూ జి మేజర్. మూడోదానిలో ఆ కార్డు మైనరవుతుంది. మన లెక్కలో అంతర గాంధారం సాధారణ గాంధారానికి దిగుతుంది. ఆ అర మెట్టు ఆసరాతో ఐదో ఆవృత్తానికి పాట ఎఫ్‌కి చేరుతుంది. మళ్ళీ అదే పద్ధతిలో తొమ్మిదోదానికి ఇ-ఫ్లాట్‌కి. పాత గాంధారాన్నే పట్టుకుని వేలాడితే అపస్వరమే. బాణీ గుర్తుంటే చాలదు, ఏ క్షణాన ఎక్కడున్నామో తెలియాలి.

1946లో ఛార్లీ పార్కర్ ఇవే కార్డుల మీద 'ఆర్నిథాలజీ' అనే కొత్త బాణీ రికార్డు చేశాడు. మరుసటేడు ఎల్లా 'హౌ హై ద మూన్' రికార్డు చేస్తూ, స్కాట్ మధ్యలో ఆ బాణీనే అందుకుంటుంది. రెండింటికీ నేల ఒకటేనని పాడి చూపించడమిది. ఇదే విషయాన్ని వ్యాసంగా రాస్తే పాండిత్యమనేవాళ్ళం. డిజ్జీ గిలెస్పీ బృందంతో తిరుగుతూ చెవితో నేర్చుకుందావిడ. మగవాళ్ళలోనూ చాలామంది అలాగే నేర్చుకున్నారు కదా!

పార్కర్ బాణీలో హామిల్టన్ మాటలు మాయమయ్యాయి. కార్డుల వరస ఎవరి సొత్తూ కాదు గనుక కొత్త బాణీ మీద ఆమె పేరూ అక్కర్లేకపోయింది. ఎల్లా కూడా మాటలు వదిలేసింది, నిజమే. అయితే ముందు అవి పాడాకే. ఆ తేడా నాకు ముఖ్యం. 1960 ఫిబ్రవరిలో బెర్లిన్‌లో ఆవిడ ఇదే పాటని దాదాపు ఏడు నిమిషాలు పాడిన రికార్డింగ్ దొరుకుతుంది. ఆవృత్తాలు వేళ్ళమీద లెక్కపెడుతూ వినండి, మూడోదాని దగ్గర ఆ గొంతు ఎటు తిరుగుతుందో.