సూది గుచ్చినచోట ఆగని నెత్తురు

ఇన్ఫెక్షన్ ముదిరి సెప్సిస్‌తో ఐసీయూలో ఉన్న మనిషి దగ్గరికి వెళ్తే మానిటర్ కంటే ముందు నేను కాలివేళ్లు చూస్తాను. కొందరికి వేలికొసలు నల్లబడుతుంటాయి. అదే మనిషికి సూది గుచ్చినచోట దూది మార్చిన కాసేపటికే మళ్లీ ఎర్రగా తడుస్తుంది. "రక్తం గడ్డ కడుతోందన్నారు, మరి ఈ కారడమేంటి డాక్టరుగారూ?" అంటారు ఇంట్లోవాళ్లు. అడగాల్సిన ప్రశ్నే. సన్నటి నాళాల్లో గడ్డలు కట్టడానికే ప్లేట్‌లెట్లూ ఫైబ్రినోజెనూ ఖర్చయిపోతే గాయం దగ్గరికి ఏం మిగులుతుంది? మేం డీఐసీ అనేది దీన్నే.

ఇన్ఫెక్షన్‌కూ గడ్డకూ లంకె చాలా పాతది. గుర్రపునాడా పీతకు బాక్టీరియా సోకితే ఒంట్లోనే రక్తం గడ్డకట్టి చచ్చిపోతోందని ఫ్రెడరిక్ బ్యాంగ్ 1956లో రాశాడు. ఆ జీవిలో క్రిమిని అడ్డుకునే కణమూ, గడ్డ కట్టించే కణమూ ఒకటే. (మనకెక్కించే సెలైన్‌లో బాక్టీరియా విషమైన ఎండోటాక్సిన్ ఉందేమో చూసే పరీక్ష ఆ పీత రక్తం నుంచే వచ్చింది.) మనలో ఆ పనులు వేరుపడ్డాయి గానీ పొత్తు పోలేదు. క్రిమి సోకగానే మోనోసైట్లనే తెల్లకణాలు గడ్డకు నాంది పలికే టిష్యూ ఫ్యాక్టర్‌ను బయటపెడతాయి, దాంతో థ్రాంబిన్ తయారవుతుంది. అది గడ్డ కట్టించి ఊరుకోదు. నాళం లోపలి పొరను రెచ్చగొట్టి ఇన్‌ఫ్లమేషన్‌ను ఇంకా పెంచుతుంది. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు తమ డీఎన్‌ఏనే వలగా విసురుతాయని 2004లో తేలింది. ఆ వలలో క్రిములూ చిక్కుతాయి, గడ్డలూ కడతాయి.

అయితే గడ్డను ఆపేస్తే పోలా? ఆ ఆశతోనే యాక్టివేటెడ్ ప్రొటీన్ సి మందు వచ్చింది. 1,690 మంది సెప్సిస్ రోగులపై జరిగిన పరీక్షలో మరణాలు 30.8 శాతం నుంచి 24.7 శాతానికి తగ్గాయి. 2001లో అమెరికాలో అనుమతి దొరికింది. తర్వాతి పరీక్షలో ఆ మేలు కనిపించక 2011లో మార్కెట్ నుంచి తీసేశారు. కొవిడ్‌లోనూ అంతే: గడ్డను ఆపే హెపారిన్ పూర్తి మోతాదులో ఇస్తే వార్డులో ఉన్నవాళ్లకు పనికొచ్చింది, ఐసీయూకి చేరినవాళ్లకు పనికిరాలేదు. గడ్డలో కొంత మన రక్షణే ఉంది కాబట్టి దాన్ని గుడ్డిగా కూల్చడం వైద్యం కాదని నా అభిప్రాయం.

అందుకే ప్లేట్‌లెట్ల సంఖ్య కంటే నిన్నటి నుంచి ఎంత పడిందో చూస్తాను. పడుతుంటే లోపల గడ్డలు కడుతున్నాయేమోనని, వాటికి మూలమైన ఇన్ఫెక్షన్ కోసం చీము ఎక్కడుందో వెతికిస్తాను. ప్లేట్‌లెట్లు అనగానే మనవాళ్లు డెంగీ అనుకుని బొప్పాయి ఆకు రసం వైపు వెళ్తారు. దయచేసి వద్దు. జ్వరంతో ఉన్న మనిషి మగతగా పడి ఉన్నా, ఆయాసపడుతున్నా, మూత్రం తగ్గినా తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.