నిరీక్షణ అంటే ఎదురుచూపేనా? మోల్ట్‌మన్ గ్రంథముపై ఒక విమర్శ

యుర్గెన్ మోల్ట్‌మన్ (1926–2024) వ్రాసిన 'నిరీక్షణా వేదాంతము' 1964లో జర్మన్ భాషలో వెలువడింది. దానిని చదివిన తెలుగు బోధకునికి మొదట అడ్డుపడేది ఒక మాట. గ్రీకులోని 'ఎల్పిస్'ను మన బైబిలు 'నిరీక్షణ' అంటుంది. వాడుకలో అది ఎదురుచూపు; బస్సు కోసం చేసేదీ అదే. 'ఆశ' అని ఉంటే బాగుండునేమో గాని, తెలుగులో ఆశకు పేరాశ, దురాశ దగ్గరి చుట్టాలు. అనువాదకులు జంకడం సబబే.

చిక్కంతా మన ప్రసంగాలలో ఉంది. రోమా 8:25లో పౌలు రెండు క్రియలు వాడాడు. మన అనువాదము కూడా నిరీక్షించుట, కనిపెట్టుట అని వాటిని వేరుగానే ఉంచింది. మొదటిది దేవుని వాగ్దానము మీది పట్టు. రెండవది ఆ పట్టులోనుండి పుట్టే ఓపిక. ప్రసంగ వేదిక మీద మొదటిది జారిపోయి ఓపిక ఒక్కటే మిగిలింది. హెబ్రీలో నిరీక్షణకు వాడే 'తిక్వా' అనే మాటే యెహోషువ 2:18లో రాహాబు కిటికీకి కట్టవలసిన దారమునకు కూడా వస్తుంది. ఆమె ఎదురుచూచింది నిజమే. అయితే ముందు దారము కట్టింది, అదీ శత్రువుల వేగులవారి మాట నమ్మి.

మోల్ట్‌మన్ బలము ఇక్కడ తెలుస్తుంది. 1943 జూలైలో హాంబర్గుపై బాంబులు కురిసినప్పుడు ప్రక్కనున్న స్నేహితుడు చనిపోయాడు, తాను బ్రతికాడు. 1945 నుండి 1948 వరకు యుద్ధఖైదీగా ఉన్నాడు. బైబిలు చేతికి వచ్చింది ఆ ఖైదులోనే. అట్టివాడు నిరీక్షణను ఓదార్పు మాటగా వదిలిపెట్టలేడు. పునరుత్థానమును నమ్మినవాడు లోకము ఇప్పుడున్న తీరుతో రాజీపడలేడని అతని వాదము. శ్మశానానికి దారి ఇవ్వని ఊరిలో "పరలోకములో చూచుకొందాము" అని చెప్పి వచ్చే కాపరికి ఈ పుస్తకము కొంత ఇబ్బంది కలిగించాలి.

నిరీక్షణకు విరోధమైన పాపాలు రెండని కూడా అతడంటాడు: ఒకటి నిరాశ, రెండవది దేవుడు ఇవ్వబోవు దానిని ఇప్పుడే చేజిక్కించుకొన్నామనే దురహంకారము. కేన్సరు రోగి మంచము దగ్గర "స్వస్థత వచ్చేసింది, మందులు మానండి" అనే ప్రార్థన ఈ రెండవదే. దానిని విశ్వాసమని పిలుస్తున్నాము.

అయితే అతని పుస్తకములో ఒక లోటున్నది. వాగ్దానమును, దేవుని ప్రస్తుత సన్నిధిని ఎదురెదురుగా నిలబెట్టి, మొదటిదానివైపే మొగ్గాడు. ఆ రోగికి రాబోవు దేవుడు మాత్రమే చాలడు. 1972లో వచ్చిన 'సిలువవేయబడిన దేవుడు' ఆ లోటును చాలావరకు పూడ్చింది. నా మట్టుకు రెండూ కలిపి చదవాలి. పౌలు మాత్రము ఒకే అధ్యాయములో రెండింటినీ చెప్పాడు: 23వ వచనములో ఆత్మ ప్రథమఫలము ఇప్పటికే మన చేతిలో ఉంది, 26లో ఆత్మ మనతో కూడ మూలుగుచున్నాడు. మనము పాఠమును 25తో ఆపేస్తాము.